మంగాయమ్మకు రెక్కలు లేవు

తుఫానులో మార్తమ్మను నీళ్ళలోంచి లాగి గట్టున పడేసింది మంగాయమ్మే. ఇందులో మార్తమ్మకు రవ్వంత అనుమానం లేదు. జుట్టు పట్టి లాగిన చెయ్యి ఎవరిదో, చెవిలో తిట్టిన నోరు ఎవరిదో ఆమెకు తెలియదా? అయినా తుఫాను వెలిశాక వచ్చిన మొదటి ఆదివారం, పేటలోని తాటాకుల మందిరంలో నిలబడి ఆమె భర్త కృపావరం కళ్ళనీళ్ళు పెట్టుకుంటూ చెప్పిన సాక్ష్యంలో మంగాయమ్మ పేరు లేదు.

“ప్రభువు తన దూతను పంపాడమ్మా! తమ్మిలేరు పొంగి గట్టు తెగి నా భార్య కొట్టుకుపోతుంటే, మనుషులెవరూ లేని ఆ నీళ్ళ మీద దూత వచ్చి నిలబడ్డాడు. చెయ్యి పట్టి లేవనెత్తాడు” అన్నాడు కృపావరం. జనం స్తోత్రం, స్తోత్రం అన్నారు. ముందు చాపమీద కూచున్న ముసలి సూరమ్మ రెండు చేతులూ పైకెత్తి ఏడ్చింది.

చేతికి పసుపు కట్టుతో ఆడవాళ్ళ వరసలో కూచున్న మార్తమ్మ నివ్వెరపోయి భర్తవంక చూసింది. అంతకు ముందురోజే కదా తను జరిగిందంతా పూసగుచ్చినట్టు చెప్పింది! మందిరం వదిలాక ఆయన్ని పక్కకు పిలిచి అడిగింది.

“ఏవండీ, దూతేంటండీ? మంగాయమ్మ అని చెప్పాను కదా మీకు!”

“చెప్పావు మార్తా. నువ్వు చూసింది నువ్వు చెప్పావు. నీ కళ్ళకు అలా కనిపించింది” అన్నాడాయన ఎంతో మెత్తగా.

ఆ మెత్తదనం చూసి ఆమెకు ఒళ్ళు మండింది.

ఆంధ్రరాష్ట్రం వచ్చిన రెండేళ్ళకు జరిగిన సంగతి ఇది. కొల్లేటి నడుమ పందిరిలంక అని చిన్న ఊరు. మెరకమీద చేపలు పట్టుకుని బతికే కుటుంబాలు, పల్లంలో క్రైస్తవుల పేట. పేటకు కృపావరం మందిరంలో వాక్యం చెప్పే ఉపదేశి. మార్తమ్మ అక్కడి బడిలో పంతులమ్మ. మెరకమీది పిల్లలు కూడా బడికి వచ్చేవారు గాని, వాళ్ళ తల్లిదండ్రులు పేటలోకి అడుగుపెట్టేవారు కాదు. పేటవాళ్ళు పైకి వెళితే అరుగులకు దూరంగా నిలబడి మాట్లాడవలసిందే. మంగాయమ్మ ఆ మెరకమీది మనిషి. మొగుడు పోయాక మరిది సూర్రావు ఇంట్లో ఉండేది. పిల్లల్లేరు. మొగుడూ మరిదీ కలిసి చేయించుకున్న తాటిదోనె మీద తనే గెడ వేసుకుంటూ వెళ్ళి, నీళ్ళలో పెట్టిన వెదురు మావులు ఎత్తి, అందులో పడ్డ చేపలు తెచ్చేది. చుట్ట అడ్డపొగ వేసేది. నోరు మంచిది కాదని ఊరంతా అనేవారు. ఆ నోరు నిజంగా ఎంత చెడ్డదో మార్తమ్మ ఆరోజే విన్నది.

ఆరోజు కృపావరం ఏలూరులో సంఘ పనివారి కూటానికి వెళ్ళాడు. మార్తమ్మ పక్క లంకలో జ్వరంతో ఉన్న సంఘస్తురాలిని చూసి, గాలి పెరగకముందే ఇల్లు చేరాలని గట్టు వెంట నడిచి వస్తోంది. సగం దూరం రాగానే కాళ్ళకింద గట్టు మెత్తబడింది. మరుక్షణం గట్టే లేదు. ఎర్రమట్టి నీళ్ళు ఆమెను గడ్డిపరకలా ఎత్తుకుపోయి జమ్ములో విసిరాయి. జమ్ము ఆకులు అరచేతుల్ని కోసేస్తున్నా వదలకుండా పట్టుకుంది. ఎంతసేపు పట్టుకుందో ఆమెకు తెలియదు. పట్టు జారిపోతున్న సమయానికి వెనకనించి ఎవరో కొప్పు పట్టుకుని గుంజారు.

“ఒసే సచ్చేదానా! ఈ గాలిలో ఊరేగడానికి ఎక్కడికి పోయావే? కాళ్ళు కొట్టుకోకు! నన్నూ ముంచుతావా ఏంటి?”

మంగాయమ్మ దోనెలోంచి వంగి ఆమెను పైకి లాగబోయింది. దోనె పక్కకు ఒరిగి నీళ్ళు తాగింది. ఇద్దరూ నీళ్ళలో పడ్డారు. ఆ క్షణంలో మంగాయమ్మ ఒక చేత్తో దోనె అంచు, ఒక చేత్తో మార్తమ్మ జుట్టు పట్టుకుని ఉంది. వరద ఆ రెంటినీ చెరోవైపుకి లాగుతోంది. మార్తమ్మ ఆమె మొహం చూసింది. భయంతో పాలిపోయిన మొహం. పళ్ళు గిట్టకరిచి, ఒక పచ్చి బూతు తిట్టి, మంగాయమ్మ దోనెను వదిలేసింది.

తరవాత ఆమె మార్తమ్మను ఈడ్చుకుంటూ మునిగిన గట్టుమీది తుమ్మచెట్టుకు చేర్చింది. చీరకొంగుతో తననూ ఆమెనూ కలిపి కొమ్మకు కట్టింది. గాలి తగ్గేదాకా ఇద్దరూ తుమ్మముళ్ళ మధ్య ఒకరినొకరు కౌగలించుకుని వేలాడారు. మంగాయమ్మ ఒళ్ళంతా వణికింది. “పెద్దింట్లమ్మ తల్లీ, నేను పోతే అడిగేవాడు లేడు గానీ, ఈవిడ బళ్ళో పిల్లలున్నారే” అని మొక్కుకుంటూనే ఉంది. మధ్యమధ్య మార్తమ్మ తల వాలిపోతే చెంపమీద కొట్టింది. సాయంత్రం గాలి తిరిగాక, మెడలోతు నీళ్ళలో జమ్ము పట్టుకుంటూ లాక్కొచ్చి పేట చివర దిబ్బమీద పడేసి, వెనక్కి తిరిగి చూడకుండా మెరకమీదికి పోయింది. మార్తమ్మ దిబ్బమీద పడి ఉండడం పేటవాళ్ళు చూశారు. తెచ్చినవాళ్ళను చూడలేదు. అక్కడ మొదలైంది దేవదూత కథ.

కృపావరం చెడ్డవాడు కాదు. ఆ సమయానికి ఏలూరులో, గాలి హోరు విని ఇంటిమీద బెంగపడి కూటం ఆపించి, నేలమీద బోర్లాపడి, “నీ దూతను పంపు ప్రభువా” అని ప్రార్థన చేశాడట. అక్కడున్నవాళ్ళంతా చూశారు. పంపమని తను అడిగాడు, ఆమె బతికింది, కనక పంపాడు. ఆయన లెక్క అంతే. ఏళ్ళ తరబడి పేటలో వాక్యం చెబుతున్నా ఆవులింతలు తప్ప ఎరగని మనిషి, ఇప్పుడు నోరు తెరిస్తే జనం చెవులు రిక్కించి వింటున్నారు.

ఆ ఆదివారం సాయంత్రం పొయ్యి దగ్గర మార్తమ్మ మళ్ళీ ఎత్తుకుంది.

“దూత చుట్ట కంపు కొడతాడాండీ?”

“మార్తా!”

“లేదండీ, తెలియక అడుగుతున్నాను. దూత బూతులు తిడతాడా? నన్ను ఒసే అందండీ ఆవిడ. ఇంకా చాలా అంది. మీ ముందు నోటితో అనలేను.”

కృపావరం పుల్ల ఎగదోసి, బళ్ళో పిల్లాడికి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాడు. దూతలు ఆత్మలు. మనకున్నట్టు రక్తమాంసాలు లేవు. దేవుడు ఎక్కడికి పొమ్మంటే అక్కడికి పోయి, చెప్పమన్నది చెప్పి, చెయ్యమన్నది చేసి తిరిగి వెళ్ళిపోతారు. అవసరాన్నిబట్టి మనిషి రూపం వేసుకుంటారు. పూర్వం ఒక భక్తుడి గుడారానికి ముగ్గురు బాటసారుల్లా వచ్చి భోజనం చేసి పోలేదా? అలాగే మంగాయమ్మ రూపంలో వచ్చి ఉండకూడదా?

“భోజనం చేసి పోయారన్నారుగా? ఈవిడ పోలేదండీ. ఇక్కడే ఉంది. నిన్న రేవులో గుడ్డలుతుకుతోంది.”

“నువ్వు చూసిన మంగాయమ్మ వేరు, రేవులో మంగాయమ్మ వేరు కావచ్చు.”

మార్తమ్మ చేతిలో గరిటె కింద పెట్టేసింది. గోడకు చెబితే గోడైనా బీటలిస్తుంది. ఈయనకు చెబితే ప్రతి మాటకూ ఒక వాక్యం అడ్డం వస్తోంది.

వారం తిరక్కుండానే ఏలూరునించి పాస్టరు ప్రసాదరావు గారు పడవమీద వచ్చారు. తెల్లని మనిషి, తెల్లని బట్టలు, తేనెలాంటి మాట. తాడేపల్లిగూడెంలో మూడురోజుల కూటాలు జరగబోతున్నాయి, మార్తమ్మ స్వయంగా సాక్ష్యం చెప్పాలి అన్నారు. కృపావరం మొహం వెలిగిపోయింది. మార్తమ్మ క్షణం ఆలోచించి సరేనంది. భర్త వినకపోయినా పందిట్లో అంతమంది వింటారు కదా, అందరి ముందూ మంగాయమ్మ పేరు చెప్పేస్తే పీడ విరగడవుతుంది అనుకుంది.

గూడెంలో పందిరి నిండిపోయింది. పెట్రోమాక్సు దీపాలు, మైకు. చుట్టుపక్కల ఊళ్ళనించి బళ్ళు కట్టుకుని వచ్చారు. మార్తమ్మ వేదిక ఎక్కి మైకు ముందు నిలబడింది.

“నన్ను కాపాడింది మా ఊరి మంగాయమ్మండీ” అంది. “చేపలు పట్టుకునే మనిషి. మన సంఘం కాదు. నా జుట్టు పట్టి లాగింది. తన దోనె వదిలేసుకుంది. నన్ను తన కొంగుతో కొమ్మకు కట్టింది. ఆవిడ లేకపోతే నేను లేను.”

ఆమె ఇంకా చెప్పబోయేలోగా ప్రసాదరావు గారు చిరునవ్వుతో లేచి, మైకు మెల్లిగా తనవైపు తిప్పుకున్నారు.

“విన్నారా ప్రియులారా? దేవుడు ఎంత వింతగా పనిచేస్తాడో చూడండి! ఒక అన్యస్త్రీ రూపాన్ని తన దూతకు వస్త్రంగా తొడిగాడు! ఈ సోదరి అమాయకంగా ఆ స్త్రీయే అనుకుంటోంది. కళ్ళు మూయబడ్డాయి! మన కళ్ళు తెరవమని ప్రార్థిద్దాం!”

పందిరంతా మోకాళ్ళూనింది. మార్తమ్మ ఒక్కతే నిలబడి ఉండిపోయింది. “కాదండీ, అయ్యగారూ, కాదండీ” అంటూనే ఉంది గాని మైకు ఆమె దగ్గర లేదు. కూటం అయ్యాక ఆడవాళ్ళు వరసకట్టి ఆమె చీరచెరగు ముట్టుకున్నారు. ఒకావిడ తన చంటిబిడ్డ తలకు ఆమె కట్టు కట్టిన చేతిని ఆనించింది. “దూత పట్టుకున్న చెయ్యి ఇదేనా అమ్మా?” అని అడిగింది. “జమ్ముకి కోసుకున్న చెయ్యండి” అంది మార్తమ్మ. ఆవిడ ఆ మాట విననే లేదు.

తిరుగు రైలులో కృపావరం కిటికీ పక్కన కూచుని సన్నగా పాట పాడుకున్నాడు. భీమడోలు దాటాక మార్తమ్మ అంది.

“నేను చెప్పిందేదో నాకే అరువిచ్చినట్టు మాట్లాడారు ఆయన.”

“అయ్యగారు చదువుకున్నవారు మార్తా.”

“నీళ్ళలో నేను పడ్డానండీ, ఆయన పడలేదు.”

పందిరిలంక చేరేసరికి రేవులోనే కబురు ఎదురొచ్చింది. మంగాయమ్మను సూర్రావు ఇంట్లోంచి వెళ్ళగొట్టాడు. వలలు ఆరేసుకునే చావిట్లో మూల పడుకుంటోందట. కారణం ఆ దోనె. తుఫానులో పోవద్దన్నా వినకుండా పోయి, కట్టడం చేతకాక దోనె పోగొట్టిందని సూర్రావు పెద్దల ముందు పెట్టాడు. అన్న పేరుమీద ఆమెకు వచ్చే మావులు వేసుకునే చోటు కూడా, కొత్త దోనె చేయించేదాకా తనదేనన్నాడు. దోనె లేనిదే మావులు ఎత్తడం కుదరదు, మావులు ఎత్తనిదే దోనె చేయించడం కుదరదు. ఆవిడ బతుకు అటూ ఇటూ కాకుండా పోయింది.

మార్తమ్మ సంచీ దింపకుండానే మెరకమీదికి పరుగెత్తింది. కులపెద్ద పెద్దింటయ్య ఇంటిముందు అప్పటికే నలుగురు కూచుని ఉన్నారు. సూర్రావు వాకిట్లో చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మంగాయమ్మ దూరంగా గొంతుక్కూచుని పుల్లతో నేల గీస్తోంది. మార్తమ్మ అరుగుకు అల్లంత దూరంలో ఆగింది.

“పెద్దింటయ్య గారూ, నేను చెబుతానండి. దోనె పోయింది నావల్ల. నన్ను పట్టుకోవడానికి ఆవిడ దోనె వదిలేసింది. నా కళ్ళతో చూశాను.”

పెద్దింటయ్య ముసలివాడు, మర్యాదస్తుడు. తలపాగా సరిచేసుకున్నాడు.

“పంతులమ్మ గారూ, మీరంటే మాకు గౌరవమండి. మా పిల్లలకి అక్షరం ముక్క చెబుతున్నారు. కానండీ...” అని ఆగి, గోడవారన కూచున్న ఏడుకొండలు వంక చూశాడు. ఏడుకొండలు చేపల బుట్టలు గూడెం సంతకి తోలే మనిషి.

ఏడుకొండలు గొంతు సవరించుకున్నాడు. “నేను గూడెంలో ఉన్నానండి మొన్న. మైకులో విన్నానండి. మిమ్మల్ని కాపాడింది దేవుడి దూత అని మీ అయ్యగారే చెప్పారు. మనిషి కాదు, మనిషి రూపం అన్నారు. మీ ఆయన పక్కనే కూచుని తల ఊపుతున్నారు.”

“నేను మంగాయమ్మ అనే చెప్పానండీ!”

“చెప్పారండి. అయ్యగారు కాదన్నారు. మీరు మోకాళ్ళమీద కూచోలేదని మా పక్కావిడ కూడా అంది.”

సూర్రావు అందుకున్నాడు. “చూశారా మావయ్యా! వాళ్ళ దేవుడు కాపాడాడని వాళ్ళు ఊరూరా చాటుకుంటున్నారు. మరి మా దోనె ఎవరు ముంచినట్టు? దూత ఎక్కి పోయాడా?”

నలుగురూ నవ్వారు. మంగాయమ్మ తలెత్తలేదు. మార్తమ్మకు ఆ నవ్వు చెంపదెబ్బలా తగిలింది. నీళ్ళలో మంగాయమ్మ కొట్టిన దెబ్బకన్నా ఇది ఎక్కువ నొప్పిపెట్టింది. పెద్దింటయ్య చివరికి ఒక్కమాట అన్నాడు: “ఉపదేశిగారు స్వయంగా వచ్చి, అది దూత కాదు, మా మంగాయమ్మే అని చెబితే అప్పుడు ఆలోచిద్దామండి. మొగుడొక మాట, పెళ్ళామొక మాట అయితే మేము ఏది పట్టుకోవాలి?”

ఇంటికి వచ్చి మార్తమ్మ భర్తను నిలేసింది. ఆయన వాక్యం చదువుకుంటున్నవాడల్లా కళ్ళజోడు తీశాడు. విషయం వింటూ అద్దాలు పంచెచెంగుతో తుడుచుకున్నాడు.

“పాపం, మంగాయమ్మకు అన్యాయం జరిగింది. అది నిజమే” అన్నాడు చివరికి. “కాని మార్తా, గూడెంలో అంతమంది నమ్మారు. ముగ్గురు తాగుడు మానేశారట. ఇప్పుడు నేను వెళ్ళి అదంతా కాదంటే వాళ్ళ విశ్వాసం ఏమైపోతుంది?”

“వాళ్ళ విశ్వాసం మంగాయమ్మ నెత్తిమీద నిలబెడతారా?”

“నేను అడిగాను మార్తా!” కృపావరం గొంతు మొదటిసారి పైకి లేచింది. “నేలమీద పడి అడిగాను. ఆయన విన్నాడు. ఒక్కసారి, నా జన్మలో ఒక్కసారి, నేను అడిగింది ఆయన విన్నాడు. అదీ లేదనమంటావా?”

మార్తమ్మకు ఆ మాట గుచ్చుకుంది. ఈయన పట్టుకున్నది దూతను కాదు, ఆ ఒక్క జవాబును. అది ఆమెకు అప్పుడు అర్థమైంది. అయినా కోపం తగ్గలేదు.

“లేదనమనడం లేదండీ. పంపాడు. మంగాయమ్మను పంపాడు. చాలదా మీకు?”

“దూతలు వేరు, మనుషులు వేరు. మనుషులు దూతలు కారు. అలా చెప్పడం తప్పు.”

“నేనూ అదే అంటున్నానండీ! ఆవిడ దూత కాదు. దూతకు రక్తమాంసాలు లేవని మీరే అన్నారు కదా? రక్తమాంసాలు లేనివాడు నీళ్ళలో మునిగిపోతాడా? మునగడు. వాడికి భయమెందుకు? ఆవిడకు భయం వేసిందండీ. నేను ఆ మొహం చూశాను. చచ్చిపోతానని తెలిసి, దోనె వదిలేసింది. దూత చెయ్యలేని పని చేసింది. దూత దగ్గర వదులుకోవడానికి ఏముంది?”

కృపావరం పుస్తకం తెరిచి, మూసి, మళ్ళీ తెరిచాడు.

మూడురోజులు ఆయన సరిగా అన్నం తినలేదు. ఆదివారం వచ్చింది. వాక్యం అయ్యాక, మార్తమ్మ వంక చూడకుండా, నేలచూపులు చూస్తూ చెప్పాడు. “నా భార్యను కాపాడింది మెరకమీది మంగాయమ్మ. నేను పొరపాటు పడ్డాను. దేవుడు నా ప్రార్థన విన్నాడు. కాని వచ్చింది మనిషే. గూడెంలో నేను ఊరుకున్నాను. ఊరుకోకుండా ఉండవలసింది.”

మార్తమ్మకు కళ్ళు చెమర్చాయి. ఆ మాట అనడం ఆయనకు ఎంత కష్టమో ఆమెకు తెలుసు. మందిరంలో ఎవరూ స్తోత్రం అనలేదు. ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. బయటికి వచ్చాక సూరమ్మ ఆమె చెయ్యి పట్టుకుని గుసగుసగా అంది:

“మాకు అర్థమైందిలే అమ్మా. దూత తన సంగతి బయటపెట్టొద్దని అయ్యగారికి కలలో చెప్పి ఉంటాడు. అందుకే దాస్తున్నారు. మేము మాత్రం ఎవరికీ చెప్పం.”

“సూరమ్మత్తా, దూత లేడు!”

“అలాగేనమ్మా, అలాగే. లేడు” అని సూరమ్మ కన్నుగీటినంత పని చేసి వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే భార్యాభర్తలిద్దరూ పెద్దింటయ్య దగ్గరికి వెళ్ళారు. కృపావరం నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాడు. పెద్దింటయ్య శ్రద్ధగా విన్నాడు. విని నిట్టూర్చాడు.

“ఉపదేశిగారూ, మీరు మంచివారండి. కాని గూడెంలో ఒకలా, ఇక్కడ ఒకలా అయిపోయింది మాట. సూర్రావేమో మీ ఆడవాళ్ళు ఏడిచి మిమ్మల్ని లాక్కొచ్చారంటున్నాడు. పైగా ఆ చోటులో వాడు ఇప్పటికే తన మావులు వేసేశాడు. వేసిన మావులు తీయించాలంటే గొడవలవుతాయి. మీరు ఆ మాట మొదటి ఆదివారమే చెప్పి ఉంటే...”

కృపావరం తల వంచుకున్నాడు. మార్తమ్మ మాత్రం కదల్లేదు.

“ఇప్పుడు చెప్పినా నిజం నిజమే కదండీ?”

“నిజమేనమ్మా” అన్నాడు పెద్దింటయ్య. “ఎవరు కాదన్నారు? ఇంట్లోకి మాత్రం రానిస్తాడు సూర్రావు, నేను చెబుతాను. చోటు సంగతి వచ్చే ఏడు చూద్దాం.”

వచ్చే ఏడు చూద్దాం అనే మాట ఎంత లోతో ఆ లంకలో అందరికీ తెలుసు.

మంగాయమ్మ సూర్రావు ఇంటికి తిరిగి వెళ్ళలేదు. ముదినేపల్లిలో ఆమె అక్క సుబ్బాయమ్మ ఉంది, కోతలకు మనుషులు కావాలని కబురంపింది. వెళ్ళేరోజు మార్తమ్మ రేవుకు వచ్చింది. మంగాయమ్మ మూటమీద కూచుని పడవకోసం చూస్తోంది. మొదటిసారి మార్తమ్మ ఆమెను అక్కా అని పిలిచింది. కృపావరం కూడా రావాలనుకుని సిగ్గుపడి రాలేదని చెప్పింది.

“ఎందుకులే పంతులమ్మా, ఆయనేం చేస్తాడు పాపం” అంది మంగాయమ్మ. చుట్ట మండేవైపు నోట్లో పెట్టుకుని అడిగింది. “ఇంతకీ ఆ దూత ఎలా ఉంటాడు?”

“కనపడడు. ఎక్కడికంటే అక్కడికి క్షణంలో పోతాడు. బొమ్మల్లో అయితే రెక్కలు వేస్తారు.”

మంగాయమ్మ పొగ వదిలి, దగ్గుతూ నవ్వింది. “రెక్కలే ఉంటే నాకు దోనె పోయిందని ఏడుపెందుకే? ఎగిరిపోయి మావులెత్తుకొద్దును!”

మార్తమ్మకు నవ్వు రాలేదు. “నిన్ను లేకుండా చేసేశారక్కా” అంది. “నేను నోరు చించుకుని అరిచినా నా మాట ఎవరూ వినలేదు.”

“వినరు. నేను మా సూర్రావుకి చెప్పినప్పుడు వాడు విన్నాడా?” మంగాయమ్మ మూట ఎత్తుకుంది. “ఒకమాట చెబుతా వినవే. మళ్ళీ ఆ మైకు ముందుకెళ్ళి నా పేరు చెప్పకు. చెప్పిన కొద్దీ నాకు ముప్పే అవుతోంది.”

పడవ వచ్చింది. ఎక్కుతుంటే మార్తమ్మ చెయ్యి అందించింది. మంగాయమ్మ ఆ చెయ్యి పట్టుకుని, అరచేతిలో మానుతున్న గీతలు చూసి, “కొబ్బరినూనె రాయి” అంది. అంతే. పడవ జమ్ము మలుపు తిరిగి కనిపించకుండా పోయింది. మార్తమ్మ రేవులో నిలబడి, ఎవరిమీద కోప్పడాలో తెలియక, అందరిమీదా కోప్పడింది: ప్రసాదరావు గారిమీద, సూర్రావుమీద, భర్తమీద, ఆరోజు మైకు తిరిగి లాక్కోని తనమీద.

మంగాయమ్మ ముదినేపల్లిలోనే ఉండిపోయింది. కోతలయ్యాక ఊడ్పులు, ఊడ్పులయ్యాక మళ్ళీ కోతలు. నీళ్ళమీద బతికిన మనిషి బురదలో వంగి బతకడం నేర్చుకుంది. వీలున్నప్పుడల్లా మార్తమ్మ వెళ్ళి చూసి వచ్చేది. సూర్రావు ఆ చోటు వదల్లేదు. పెద్దింటయ్య ప్రతి ఏడూ వచ్చే ఏడన్నాడు. కృపావరం వాక్యంలో దూతల మాట వచ్చినప్పుడల్లా తడబడేవాడు. జనం మళ్ళీ ఆవులించడం మొదలుపెట్టారు.

రెండేళ్ళ తరవాత ఒక పగలు మార్తమ్మ ఏలూరు స్టేషన్లో ప్యాసింజరు బండి కోసం కూచుంది. పక్కన చేతిలో పాటలపుస్తకంతో ఒక పెద్దావిడ కూచుంది. నిడదవోలునించి వచ్చిందట. మాటల్లో మార్తమ్మది కొల్లేటివైపని తెలియగానే ఆవిడ కళ్ళు పెద్దవి చేసింది.

“అయితే మీకు తెలిసే ఉంటుందండీ. మీ వైపే కదా తుఫానులో దేవదూత దిగింది! ఉపదేశిగారి భార్యను రెక్కలమీద కూచోబెట్టుకుని ఒడ్డుకు చేర్చిందట. తెల్లని వెలుగు మూడు లంకలకి కనపడిందట!”

మార్తమ్మ గుండెలో పాతమంట భగ్గుమంది.

“రెక్కలు లేవండీ” అంది. “వెలుగూ లేదు. ఆవిడ పేరు మంగాయమ్మ. ముదినేపల్లిలో వాళ్ళ అక్క సుబ్బాయమ్మ ఇంట్లో ఉంటుంది. కావాలంటే వెళ్ళి అడగండి. కాస్త గట్టిగా మాట్లాడుతుంది, అంతే. ఆ ఉపదేశి భార్యను నేనే.”

ఆవిడ మార్తమ్మను కిందనించి పైదాకా చూసింది. నలిగిన నేతచీర, అరిగిన చెప్పులు, ఎండకు కమిలిన మొహం. ఏమనుకుందో ఏమో, పాటలపుస్తకం ఒళ్ళోకి లాక్కుని బల్ల చివరికి జరిగి కూచుంది.

మార్తమ్మ కూడా ఆవిడవైపు జరిగింది. “వినండి చెబుతాను” అంటూ మొదటినించి మొదలుపెట్టింది.